పోర్చుగల్ ట్రిప్ సరిగ్గా చేయాలంటే: వీసా నుంచి ఫాదో దాకా ఏది ముందు, ఏది తర్వాత

పోర్చుగల్‌కి ఎప్పుడు వెళ్లాలి, ఎన్ని రోజులు సరిపోతాయి, శాకాహారులకు తిండి దొరుకుతుందా, అక్కడి సంప్రదాయ పాట ఫాదో ఎక్కడ వినాలి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం వరసలో రాసేస్తే మేలనిపించింది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. అక్కడికి వెళ్లి ఉసూరుమంటూ వచ్చినవాళ్లని కదిపి చూడండి, డబ్బు చాలక ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువే ఉంటారు. సోమవారం మ్యూజియానికి వెళ్లి మూసిన తలుపు చూసినవాళ్లు, సాయంత్రం 5కి భోజనం అడిగి లేదనిపించుకున్నవాళ్లు, ఆరు రోజుల్లో ఐదు ఊళ్లు పెట్టుకుని సూట్‌కేసు లాగడంతోనే సరిపెట్టుకున్నవాళ్లే ఎక్కువ. అంటే వరస తప్పింది. అందుకే ఇందులో ఏం చూడాలి అన్నదానికన్నా ఎప్పుడు, ఏ క్రమంలో అన్నదే ఎక్కువ ఉంటుంది.

## 1. ముందు నెల తేల్చుకోండి

ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్. వీటిలో ఏదైనా సరే, కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

జూన్ పండుగల నెల, దాని గురించి కింద విడిగా రాశాను. ఆగస్టులో ఎండ, రద్దీ, గది అద్దెలు మూడూ కలిసి వస్తాయి, పైగా కుటుంబాలు నడిపే చిన్న రెస్టారెంట్లు చాలావరకు సెలవులకని తాళం వేసేస్తాయి. అలెంటేజు వైపు, అంటే ఎవోరా చుట్టుపక్కల, ఎండాకాలం మధ్యాహ్నం మన రామగుండాన్ని గుర్తు చేస్తుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు. లిస్బన్‌లో మంచు పడదు కదా, చలేముంది అనుకుంటారు. కానీ పాత ఇళ్లలో సరైన హీటింగ్ ఉండదు, బయటకన్నా గదిలోనే ఎక్కువ వణుకుతారు. చలికాలం వెళ్తే గదిలో హీటర్ ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

సముద్రంలో దిగాలనుకునేవాళ్లకి: అది అట్లాంటిక్, జులైలో కూడా నీళ్లు చల్లగానే ఉంటాయి. ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగకూడదు, పసుపు జెండా ఉంటే ఈత కొట్టకూడదు. విశాఖ బీచ్‌లో మోకాళ్ల దాకా నిలబడ్డ ధైర్యంతో అక్కడ దిగొద్దు, లాగేసే అలలవి.

## 2. ఊళ్లు తగ్గించండి

8 లేదా 9 రాత్రులు ఉంటే నా లెక్క ఇది: లిస్బన్‌లో 4 లేదా 5, పోర్టోలో 3, మధ్యలో కోయింబ్రాలో 1. సింత్రా, ఎవోరా, ఫాతిమా ఇవన్నీ లిస్బన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసేవే, వాటికోసం గది మారనక్కర్లేదు.

5 రోజులే ఉంటే లిస్బన్, సింత్రా చాలు. పోర్టో వదిలేయండి. బాధగా ఉంటుంది, కానీ వదిలేయండి.

దక్షిణాన ఉన్న అల్గార్వ్ బీచ్‌లకి విడిగా కనీసం 3 రాత్రులు కావాలి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు, సముద్రం మీద అంత మోజు లేనివాళ్లు దాన్ని లిస్ట్‌లోంచి తీసేయొచ్చు.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారాలి. యూరప్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తుంటే లిస్బన్‌లో దిగి పోర్టోలో ఎక్కేలా టికెట్ చూడండి, వెనక్కి వచ్చే అర రోజు మిగులుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ అక్కడే అవుతుంది కాబట్టి మధ్యలో కనీసం రెండున్నర గంటలైనా ఉంచుకోండి.

## 3. వీసా పని

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) కావాలి. అమెరికా గ్రీన్ కార్డ్ ఉన్నా, బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్నా, పాస్‌పోర్ట్ ఇండియాదే అయితే కావాలి. ఈ సంగతి తెలియక టికెట్లు ముందే కొనేసి టెన్షన్ పడేవాళ్లు డాలస్‌లోనూ ఉన్నారు, లండన్‌లోనూ ఉన్నారు.

- ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. చివరి గడువు 15 రోజుల ముందు, కానీ దాన్ని నమ్ముకోకండి. వేసవికి వెళ్తుంటే రెండున్నర, మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోండి.
- ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 45, అంతకన్నా చిన్నవాళ్లకి లేదు. దరఖాస్తు కేంద్రం సర్వీస్ చార్జీ దీనికి అదనం.
- ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి ఉండాలి, తిరిగొచ్చే రోజు కూడా అందులో కలవాలి.
- పాస్‌పోర్ట్ గత 10 ఏళ్లలో ఇచ్చినదై ఉండాలి, మీరు షెంగెన్ దేశాలు వదిలే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.
- స్పెయిన్ కూడా కలిపి వెళ్తుంటే ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. సమానమైతే మొదట అడుగు పెట్టే దేశం.

ఎక్కువగా దొర్లే తప్పు: హోటల్ బుకింగ్‌ల తేదీలు, విమానం తేదీలు, ఇన్సూరెన్స్ తేదీలు ఒకదానితో ఒకటి కలవకపోవడం. ఒక తెల్ల కాగితం మీద రోజువారీ పట్టిక రాసుకుని ఒక్కో కాగితాన్నీ దానితో పోల్చండి. అపాయింట్‌మెంట్‌కి వారం ముందు ఆరు నెలల జీతం మొత్తం ఒకేసారి ఖాతాలో వేస్తే అనుమానం వస్తుంది. డబ్బు సహజంగా వచ్చిపోతున్నట్టు స్టేట్‌మెంట్‌లో కనపడాలి.

## 4. ముందే బుక్ చేయాల్సినవి, అక్కర్లేనివి

వీసా వచ్చాక ఈ వరసలో చేయండి.

1. పండుగ రోజుల్లో వెళ్తుంటే గదులు. (వీసా కోసం చేసినవాటినే ఉంచుకోవడం మంచిది.)
2. లిస్బన్–పోర్టో రైలు. ప్రభుత్వ రైల్వే సీపీ సైట్‌లోనే కొనండి. ముందుగా కొంటే తగ్గింపు టికెట్లు దొరుకుతాయి. 65 దాటినవాళ్లకి సగం ధర, పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఇది మర్చిపోకండి, ఏజెంట్లు చెప్పరు.
3. సింత్రాలోని పేనా కోట, టైమ్ స్లాట్‌తో.
4. లిస్బన్ బెలేమ్ పేటలోని జెరోనిమోస్ మఠం, కోయింబ్రా యూనివర్సిటీలోని జొవానినా లైబ్రరీ. లైబ్రరీకి కూడా టైమ్ స్లాట్ ఉంటుంది.
5. ఒక రాత్రి ఫాదో.

సిటీ టూర్ బస్సులు, ట్రామ్ టూర్లు, 'పోర్చుగల్ మొత్తం మూడు రోజుల్లో' ప్యాకేజీలు అక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. అక్కడ రైల్వే సమ్మెలు మామూలే. రైలెక్కే ముందు రోజు సీపీ సైట్‌లో ప్రకటన ఉందేమో చూసుకోండి. ఉంటే బస్సు టికెట్ వెంటనే తీసుకోండి, ఎందుకంటే మిగతావాళ్లందరూ అదే పని చేస్తారు.

## 5. సంచిలో ఏం పెట్టుకోవాలి

అన్నిటికన్నా ముందు చెప్పులు, కాదు, బూట్లు. లిస్బన్, పోర్టో రెండూ కొండల మీద ఊళ్లు. ఫుట్‌పాత్‌ల మీద చిన్న చిన్న సున్నపురాళ్లు పేర్చి ఉంటాయి, వందేళ్ల నడకకి నున్నగా అరిగిపోయి, చినుకు పడితే జారుడుబండే. అడుగున రబ్బరు పట్టు గట్టిగా ఉన్నవి, ఇంట్లో కొన్నాళ్లు తొడిగి అలవాటు చేసుకున్నవి తీసుకెళ్లండి. హీల్స్ మాట ఎత్తొద్దు.

- యూరోపియన్ రెండు పిన్నుల గుండ్రటి అడాప్టర్
- పల్చటి రెయిన్ జాకెట్ (గొడుగు ఆ సముద్రపు గాలికి తిరగబడుతుంది)
- జూలైలో వెళ్లినా ఒక స్వెటర్, సింత్రా కోసం, రాత్రుల కోసం
- ముందు వైపు వేలాడేసుకునే జిప్ సంచి
- రోజూ వేసుకునే మందులు, ఇంగ్లిష్‌లో ప్రిస్క్రిప్షన్
- ఫోరెక్స్ కార్డ్, విడిగా ఇంకో కార్డ్, కొంచెం నగదు

డబ్బు గురించి పొట్టిగా: ఏటీఎం కావాలంటే బ్యాంకు గోడకున్న 'మల్టీబాంకో' మెషిన్ వాడండి. టూరిస్ట్ వీధుల్లో విడిగా నిలబెట్టిన రంగురంగుల మెషిన్లలో చార్జీలు, మారకం రేటు రెండూ బాదుడే. 'రూపాయల్లో చెల్లిస్తారా' అని స్క్రీన్ అడిగితే వద్దని, యూరోలే అని నొక్కండి. చిన్న కాఫీ కొట్లలో బయటి కార్డులు పనిచేయకపోవచ్చు, అందుకే జేబులో 20, 30 యూరోల చిల్లర ఎప్పుడూ ఉండాలి.

## 6. దిగిన రోజు

లిస్బన్ విమానాశ్రయం ఊళ్లోనే ఉంటుంది, మెట్రో రెడ్ లైన్ అక్కడి నుంచే మొదలు. సామాన్లు ఎక్కువుంటే బోల్ట్ లేదా ఊబర్ తీసుకోండి, పెద్ద ఖర్చు కాదు.

మెట్రోలో 'నవెగాంటే' కార్డ్ కొనాలి, కార్డ్ ధర అర యూరో. ఒక్కో మనిషికి ఒక్కో కార్డ్. ఒకటే కార్డ్‌తో ఇద్దరు వెళ్లడం కుదరదు. అందులో 'జాపింగ్' అనే పద్ధతిలో డబ్బు వేసుకుంటే మెట్రో, ట్రామ్, బస్సు, సింత్రా లోకల్ రైలు అన్నిటికీ అదే పనిచేస్తుంది.

గది దగ్గర టూరిస్ట్ పన్ను విడిగా అడుగుతారు, మోసం అనుకోకండి. లిస్బన్‌లో మనిషికి రాత్రికి 4 యూరోలు (గరిష్ఠంగా 7 రాత్రులు), పోర్టోలో 3. 13 ఏళ్లలోపు పిల్లలకి లేదు.

టైమ్: వేసవిలో మనకన్నా నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక. పక్కనున్న స్పెయిన్‌కీ వీళ్లకీ గంట తేడా. రెండు దేశాలూ కలిపి తిరిగేవాళ్లు బస్సు టైమ్ చూసుకునేటప్పుడు ఇక్కడే పొరబడతారు.

ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు. సాయంత్రం ఏదైనా ఒక మిరాదోరో, అంటే ఊరంతా కనిపించే కొండ అంచు, ఎక్కి కూర్చోండి. గ్రాసా వైపు ఉన్న సెన్యోరా దో మోంటే నాకు ఇష్టం, పాత పేట అల్ఫామాలోని పోర్టాస్ దో సోల్ ఎక్కువమందికి ఇష్టం.

## 7. లిస్బన్‌లో రోజులు పేర్చుకోవడం

సోమవారం జాగ్రత్త. బెలేమ్‌లోని జెరోనిమోస్, చాలా జాతీయ మ్యూజియాలు ఆ రోజు మూసేస్తారు. అల్ఫామా, మొరారియా సందుల్లో నడక సోమవారానికి పెట్టుకుంటే పోయేదేమీ ఉండదు.

బెలేమ్‌కి పొద్దున్నే వెళ్లండి. మఠం టికెట్ వేరు, పక్కనే ఉన్న చర్చి ప్రవేశం వేరు. చర్చిలో గుమ్మం దాటగానే వాస్కో డ గామా సమాధి, రెండోవైపు కవి కమోయిష్ సమాధి. వాస్కో 1524లో కొచ్చిలో చనిపోతే ముందు అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనే పూడ్చారు, తర్వాత 1539లో పోర్చుగల్ తెచ్చుకున్నారు. కొచ్చి చూసినవాళ్లకి కథ రెండో సగం ఇక్కడ దొరుకుతుంది. బెలేమ్ టవర్ మరమ్మతుల కోసం మూసి ఉండొచ్చు, బయలుదేరే ముందు చూసుకోండి.

28 నంబర్ ట్రామ్ గురించి అందరూ అడుగుతారు. ఎక్కొచ్చు, కానీ పొద్దున 8 లోపు మార్టిం మోనిజ్‌లో మొదటి స్టాప్ నుంచి. 11కి ఎక్కితే కిటికీ కనపడదు, జేబు మిగలదు. పర్సులు కొట్టేసేవాళ్లకి ఆ ట్రామ్ ఆఫీసు లాంటిది.

కొండెక్కించే తాడు బండి గ్లోరియా ఫ్యునికులర్‌లో 2025 సెప్టెంబర్ 3న ఘోర ప్రమాదం జరిగింది, 16 మంది పోయారు. పాత గైడ్ పుస్తకాల్లో, వీడియోల్లో అది ఎక్కమని ఇంకా ఉంటుంది. ఏ ఫ్యునికులర్ నడుస్తోందో అక్కడికి వెళ్లాక అడిగి, దాన్ని బట్టే ప్లాన్ వేసుకోండి.

ఏ ఊరికి ఎక్కడ ఎక్కాలో తెలియక తికమక పడతారు కాబట్టి ఇది ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి:

- సింత్రా: రోసియో స్టేషన్
- కష్కాయిష్ బీచ్‌లు: కైష్ దో సొద్రే స్టేషన్
- కోయింబ్రా, పోర్టో: సాంటా అపొలోనియా లేదా ఒరియెంటే
- ఎవోరా: ఒరియెంటే లేదా ఎంట్రెకాంపోస్
- ఫాతిమా బస్సు: సెటె రియోస్

## 8. సింత్రా: వెనక నుంచి లెక్కేయండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పేనా కోట టికెట్ మీద ఉన్న టైమ్ కోట లోపలి గదుల్లోకి వెళ్లే టైమ్, పార్క్ గేటుది కాదు. గేటు నుంచి కోట దాకా ఎక్కుడు, 20 నుంచి 30 నిమిషాల నడక. దానికి ముందు స్టేషన్ నుంచి కొండ మీదకి 434 నంబర్ బస్సు, దాని క్యూ. దానికి ముందు రోసియో నుంచి 40 నిమిషాల రైలు.

అంటే 10 గంటల టికెట్ ఉంటే 8 కల్లా రైలెక్కి ఉండాలి. 9కి బయలుదేరితే టికెట్ పోయినట్టే, ఆలస్యమైతే లోపలికి రానివ్వరు.

క్రమం ఇలా పెట్టుకోండి:

1. పొద్దున మొదటి స్లాట్‌లో పేనా. కోట చుట్టూ ఉన్న టెర్రస్‌లే అసలు అందం, లోపలి గదులు ఓ గంటలో అయిపోతాయి.
2. అక్కడి నుంచి కిందికి నడిస్తే మూర్ల కోట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది మానేయండి, అంతా మెట్లే.
3. ఊళ్లోకి దిగి భోజనం.
4. మధ్యాహ్నం కింటా ద రెగలేయిరా. భూమిలోకి గుండ్రంగా దిగే మెట్ల బావి ఇక్కడే.
5. ఓపిక మిగిలితే బస్సులో కాబో ద రోకా, యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర. గాలి మనిషిని తోసేస్తుంది.

కారు తీసుకెళ్లొద్దు. పాత ఊళ్లోకి, కోటల దారిలోకి బయటి కార్లను రానివ్వరు. శని, ఆది, సోమవారాలు కూడా వద్దు. లిస్బన్‌లో మ్యూజియాలు మూసేసిన సోమవారం అందరూ ఇక్కడికే వచ్చి పడతారు.

లిస్బన్‌లో ఎండగా ఉందని పల్చటి చొక్కాతో వెళ్తారు, సింత్రా కొండ మీద పొగమంచు, చలి. పొగమంచు బాగా పడితే కోట మీంచి ఏమీ కనపడదు, అప్పుడు రెగలేయిరా ముందు చూసి పేనా పార్క్‌లో నడవండి, ఆ మంచులో తోట బాగానే ఉంటుంది.

## 9. పలకరింపు, క్యూ, గొంతు

కొట్టులోకి అడుగు పెట్టగానే ముందు పలకరింపు, తర్వాతే పని. మధ్యాహ్న భోజనం దాకా 'బోం దియా', తర్వాత 'బోవా తార్దె', చీకటి పడ్డాక 'బోవా నోయిటె'. పలకరించకుండా 'ఒక కాఫీ' అంటే ఇస్తారు, కానీ ముఖం మారుతుంది.

థ్యాంక్స్ చెప్పేటప్పుడు మగవాళ్లు 'ఒబ్రిగాదు', ఆడవాళ్లు 'ఒబ్రిగాదా'. ఎదుటివాళ్లు ఎవరన్నది లెక్కలోకి రాదు, చెప్పేవాళ్లని బట్టే.

స్పానిష్ వచ్చని అక్కడ వాడకండి. అర్థమవుతుంది, నచ్చదు. ఇంగ్లిష్ మేలు, యువతరం చాలామంది చక్కగా మాట్లాడతారు.

బేకరీల్లో, మందుల షాపుల్లో గుమ్మం పక్కన నంబర్ చీటీ ఇచ్చే చిన్న మెషిన్ ఉంటుంది. ముందు చీటీ లాగండి. కౌంటర్ దగ్గర ఎంతసేపు నిలబడ్డా చీటీ లేకపోతే మిమ్మల్ని పట్టించుకోరు. గర్భిణులకి, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లకి క్యూలో ముందు అవకాశం ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది, మొహమాటం లేకుండా ముందుకెళ్లండి.

అల్ఫామాలో కిటికీలకి ఆరేసిన బట్టలు ఫొటోల్లో బాగుంటాయి నిజమే, కానీ ఆ గోడ వెనక ఎవరో కాపురం ఉంటున్నారు. కిటికీలోకి కెమెరా పెట్టొద్దు. రాత్రి 11 దాటాక ఆ రాళ్ల మీద చక్రాల సూట్‌కేసు లాగితే వీధంతా లేస్తుంది, ఎత్తి పట్టుకోండి.

## 10. భోజనం దగ్గర

మధ్యాహ్నం 12:30 నుంచి 2:30, రాత్రి 7:30 తర్వాత. మధ్యలో మంచి వంటిళ్లు పడుకుంటాయి. ఆ టైమ్‌లో ఆకలేస్తే 'పాస్తెలరియా' అనే బేకరీల్లోకి వెళ్లండి.

కూర్చోగానే బ్రెడ్, వెన్న, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. దాన్ని 'కువేర్' అంటారు. మన హోటల్లో ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టినట్టు ఫ్రీ అనుకోకండి, తింటే బిల్లులో పడుతుంది. అక్కర్లేకపోతే నవ్వుతూ వెనక్కి ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. అడగనిదీ, ముట్టనిదీ బిల్లులో వేయకూడదని అక్కడి చట్టం. వేస్తే ధైర్యంగా చూపించి తీయించండి.

'దోజె' అని రాసి ఉంటే నిండు ప్లేటు, చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. 'మెయా దోజె' సగం. మధ్యాహ్నం 'ప్రాటు దో దియా', అంటే ఆ రోజు వంటకం, అడిగితే చవగ్గా, వేడిగా వస్తుంది.

ఏ మాంసం తినరో ముందే తేల్చుకుని ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి:

- బిఫానా: పంది మాంసం శాండ్‌విచ్ (పేరు చూసి బీఫ్ అనుకుంటారు)
- ప్రెగో: ఇది బీఫ్
- ఫ్రాన్సెజిన్యా: పోర్టో శాండ్‌విచ్, బీఫ్, పంది రెండూ, పైన సాస్
- బకల్యావ్: ఉప్పులో ఎండబెట్టిన కాడ్ చేప
- కాల్దో వెర్దె: ఆకుకూర సూప్ లాగే ఉంటుంది, అడుగున సాసేజ్ ముక్క ఉంటుంది
- ఫెయిజావ్ పేరున్నవి: చిక్కుడు గింజలే, కానీ ఎక్కువగా పంది మాంసంతో ఉడికిస్తారు

శాకాహారులు 'వెజిటేరియన్' అని ఊరుకుంటే చాలదు, చేప తింటారేమో అనుకుంటారు. 'సెం కార్నె, సెం పెయిషె' (మాంసం వద్దు, చేప వద్దు) అని విడమర్చి చెప్పండి. గుడ్డు తిననివాళ్లు 'సెం ఓవుష్' కూడా కలపండి, అయితే వాళ్ల మిఠాయిలకి మాత్రం దూరంగా ఉండాలి. పాస్టెల్ ద నాటాతో సహా దాదాపు అన్నిట్లో గుడ్డు పచ్చసొనే ప్రాణం.

మన తిండి మీద మనసు పోతే లిస్బన్ మార్టిం మోనిజ్ చుట్టూ దక్షిణాసియా కొట్లు, హోటళ్లు బోలెడు. లుమియార్ వైపు రాధాకృష్ణ మందిరం ఉంది, మొజాంబిక్ మీదుగా వచ్చిన గుజరాతీలు ఎక్కువగా ఉండే హిందూ సమాజం దాన్ని నడుపుతోంది.

'కఫే' అంటే వచ్చేది చిన్న కప్పులో చిక్కటి ఎస్ప్రెస్సో. మన అలవాటుకి దగ్గరగా కావాలంటే 'మెయా ద లెయిటె' అడగండి, సగం పాలతో వస్తుంది. టిప్ తప్పనిసరి కాదు, బాగుంటే చిల్లర వదిలేస్తారు. కుళాయి నీళ్లు తాగొచ్చు.

## 11. ఫాదో రాత్రి

ఫాదో 2011 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దాంతో 'ఫాదో డిన్నర్' బోర్డులు వీధివీధికీ వెలిశాయి, కొన్నిట్లో పాట తక్కువ, ప్లేటు ధర ఎక్కువ.

ఎంచుకునే పద్ధతి చెబుతాను. బయట నిలబడి మెనూ పట్టుకుని పిలిచేవాళ్ల దగ్గరకి వెళ్లొద్దు. బుక్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: మనిషికి కనీస ఖర్చు ఎంత, పాటకి విడిగా చార్జీ ఉందా. అల్ఫామాలో ఉండే ఫాదో మ్యూజియం ఆ పగలే చూసి వెళ్తే వాద్యాలు, గొంతులు పోల్చుకోగలుగుతారు. గుండ్రటి పొట్టతో ఉండే పోర్చుగీస్ గిటార్‌కి 12 తీగలు, పక్కన మామూలు గిటార్, నల్ల శాలువా కప్పుకున్న గాయని, అంతే.

- 8 గంటలకి చేరండి, పాట మొదలయ్యేలోపు ఆర్డర్ ఇచ్చేయండి.
- దీపాలు తగ్గగానే మాట ఆపాలి. గుసగుస కూడా వద్దు. వడ్డన కూడా ఆగిపోతుంది.
- మూడు నాలుగు పాటలు, తర్వాత విరామం, మళ్లీ పాటలు. తినడం, మాట్లాడటం, బాత్రూమ్ అన్నీ విరామంలోనే.
- ఫ్లాష్ వద్దు. వీడియో తీయాలంటే అడగండి.
- పాట మధ్యలో తాళం వేయొద్దు, అయ్యాక చప్పట్లు కొట్టండి.

చిన్నపిల్లలతో వెళ్తే, నిజం చెప్పాలంటే, ఈ రాత్రి భోజనం పెట్టుకోకపోవడమే మంచిది. రెండు గంటలు వాళ్లని కదలకుండా కూర్చోబెట్టలేరు, పక్క బల్లలవాళ్లు ఊరుకోరు.

కోయింబ్రా ఫాదో వేరే తరహా. అక్కడ యూనివర్సిటీ సంప్రదాయంలో నల్ల అంగీలు కప్పుకున్న మగవాళ్లే పాడతారు. చప్పట్లకి బదులు గొంతు సవరించుకుని మెచ్చుకోవడం అక్కడి పాత పద్ధతి. పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూసి అదే చేయండి. కోయింబ్రాకి దూరపు రైళ్లు ఆగేది కోయింబ్రా-బి స్టేషన్‌లో, ఊరి నడుమకి అక్కడి నుంచి మరో బండి పట్టుకోవాలి.

## 12. జూన్ పండుగలకి వెళ్తే

లిస్బన్‌లో జూన్ 12 రాత్రి సెయింట్ ఆంథోనీ పండుగ. మన అంతోనివారు పుట్టింది లిస్బన్‌లోనే, కేథడ్రల్ పక్కనే ఆయన చర్చి. ఆ రాత్రి అవెనీదా ద లిబెర్‌దాదెలో పేటల వారీగా ఊరేగింపులు, అల్ఫామా సందుల్లో బొగ్గుల మీద సార్డీన్ చేపలు. పోర్టోలో జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ పండుగ: ప్లాస్టిక్ సుత్తులతో దారినపోయేవాళ్ల నెత్తిన సరదాగా కొడతారు, అర్ధరాత్రి దోరో నది మీద బాణసంచా.

తయారీ ఇలా ఉండాలి:

- గది నెలల ముందే, పాత పేటల బయట, నడిచి వెళ్లగలిగే దూరంలో. పండుగ జరిగే వీధిలోనే తీసుకుంటే తెల్లారేదాకా నిద్ర ఉండదు.
- నగదు. చేపలమ్మే బామ్మల దగ్గర కార్డ్ మెషిన్ ఉండదు.
- పాత బట్టలు, పాత బూట్లు. పొగ, నూనె, తొక్కిడి.
- తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, ఫోన్ సిగ్నల్ ఆ గుంపులో పనిచేయదు.

సార్డీన్‌ని బ్రెడ్ ముక్క మీద పెట్టుకుని చేత్తో తింటారు, మనకేం కొత్త కాదు. చివర ఆ నూనె పీల్చుకున్న బ్రెడ్ కూడా తినేయాలి, అదే రుచి. 'మంజెరీకు' అనే చిన్నాకుల తులసి జాతి కుండీలు అమ్ముతారు. దానికి ముక్కు ఆనించి వాసన చూడరు, అరచేత్తో ఆకుల్ని తాకి ఆ చేతిని వాసన చూస్తారు.

సుత్తి దెబ్బకి కోపం తెచ్చుకోవద్దు. మీరూ ఒకటి కొనుక్కోండి.

## 13. ఫాతిమా వెళ్లేవాళ్లకి

మన క్యాథలిక్ కుటుంబాలు తప్పకుండా అడిగే ఊరు ఇది. మొదటి జాగ్రత్త: రైల్లో వెళ్లొద్దు. ఫాతిమా పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ పుణ్యక్షేత్రానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. లిస్బన్ సెటె రియోస్ నుంచి బస్సు, గంటన్నర ప్రయాణం.

మే నుంచి అక్టోబర్ దాకా ప్రతి నెలా 12, 13 తేదీల్లో జనం పోటెత్తుతారు, మే 13, అక్టోబర్ 13 అయితే చెప్పక్కర్లేదు. ఆ జనంలో ఉండటమే కావాలంటే ఆ తేదీలు, ప్రశాంతంగా ప్రార్థించుకోవాలంటే మరేదైనా మామూలు రోజు.

ప్రవేశం ఉచితం. మేరీమాత దర్శనాల చాపెల్ దగ్గర కొవ్వొత్తులు వెలిగించే చోటు విడిగా ఉంది. వేసవి కాలంలో రాత్రి 9:30కి జపమాల, కొవ్వొత్తుల ఊరేగింపు ఉంటాయి, అది చూడాలంటే ఆ రాత్రి అక్కడే ఉండాలి, చివరి బస్సు దొరకదు. మోకాళ్ల మీద వెళ్లే పాలరాతి దారి పక్కన నిలబడి ఫొటోలు తీయొద్దు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

## 14. పోర్టోలో

లిస్బన్ నుంచి వేగమైన రైలుకి మూడు గంటలకి అటూ ఇటూ. అది ఆగేది ఊరి చివర కంపాన్యాలో. అక్కడ దిగి ట్యాక్సీ వెతకనక్కర్లేదు, అదే టికెట్ మీద లోకల్ రైలెక్కితే కొద్ది నిమిషాల్లో సావ్ బెంటో. ఆ స్టేషన్ హాల్‌లో జార్జ్ కొలాసో గీసిన దాదాపు 20,000 నీలి టైల్స్ ఉన్నాయి, కాబట్టి తిరిగెళ్లే రైలుకి పావుగంట ముందే వెళ్లండి.

1886 నాటి దోం లూయిష్ వంతెన పై అంతస్తు మీద పొద్దుగుంకే వేళ నడవండి. ట్రామ్‌లా కనిపించే మెట్రో అదే దారిలో వస్తుంది, సెల్ఫీ గొడవలో పట్టాలెక్కి నిలబడొద్దు. లెల్లో పుస్తకాల కొట్టుకి టికెట్, స్లాట్ రెండూ ఉన్నాయి. టికెట్ డబ్బు పుస్తకం కొంటే తగ్గిస్తారు, లోపల మాత్రం కిక్కిరిసి ఉంటుంది. పుస్తకం కొనే ఉద్దేశం లేకపోతే నన్నడిగితే వదిలేయొచ్చు.

## 15. కొనేవి, సర్దుకునేవి

కార్క్ చెట్టు బెరడుతో చేసిన సంచులు, పర్సులు, డబ్బా సార్డీన్లు, ఆలివ్ నూనె, కొత్త టైల్స్ కొనండి. మంగళ, శనివారాల్లో లిస్బన్‌లో జరిగే ఫెయిరా ద లాద్రా సంతలో పాత టైల్స్ విడివిడిగా అమ్ముతుంటారు. వాటిలో కొన్ని పాత ఇళ్ల గోడల నుంచి పీకి ఎత్తుకొచ్చినవి, కొంటే ఆ దొంగతనానికి మీరు డబ్బిచ్చినట్టే. వర్క్‌షాప్‌లో తయారైన కొత్తది, వెనక తయారీదారు ముద్ర ఉన్నది తీసుకోండి. సంతలో కాస్త బేరమాడొచ్చు, కొట్లలో బేరం లేదు.

పర్సు పోతే పోలీస్ స్టేషన్‌లో వెంటనే రాయించి కాగితం తీసుకోండి, ఇన్సూరెన్స్‌కి అదే ఆధారం. ఏ అత్యవసరానికైనా 112.

సర్దేటప్పుడు టైల్స్ బట్టల మధ్య, డబ్బా చేపలు, ఆలివ్ నూనె, పోర్ట్ వైన్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టండి. డబ్బాలో నూనె ఉంటుంది కాబట్టి హ్యాండ్ బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేసే అవకాశం ఉంది. పాస్టెల్ ద నాటా డబ్బా మాత్రం హ్యాండ్ బ్యాగులోనే తీసుకెళ్లండి, మర్నాటికి పొరలు మెత్తబడతాయి, ఇంటికెళ్లాక ఓవెన్‌లో ఐదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.